రోజూ నడుస్తూనే ఉన్నా, ఈ పొట్ట ఎక్కడిది?

తార్నాకలో నేను బట్టలు కుట్టించుకునే టైలర్ దగ్గర పొడుగాటి నోటు పుస్తకం ఒకటి ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ, కొలతల పక్కన తేదీ. పోయిన శ్రావణమాసానికి ముందు చుడీదార్ టాప్ ఇద్దామని వెళ్తే ఆయన మళ్లీ కొలతలు తీసి, పాత పేజీ తిప్పి చూసి, కళ్లజోడు సర్దుకున్నారు. 2019లో పొట్ట దగ్గర 33 అంగుళాలు. ఇప్పుడు 36. చెయ్యి లూజు మాత్రం అప్పుడు 12, ఇప్పుడు పదకొండున్నర.

"మూడంగుళాలు పెరిగింది మేడమ్. కానీ చెయ్యి తగ్గింది. నేనెక్కడో తప్పు రాసుంటా" అన్నారు.

ఈ మధ్యకాలంలో నా బరువు 61 కిలోల నుంచి 63కి వచ్చింది, అంతే. రెండు కిలోలకు మూడంగుళాల పొట్ట ఎలా వస్తుంది? ఒళ్లు వస్తే చెయ్యి కూడా లావవ్వాలి కదా, సన్నబడటమేంటి? పైగా వారానికి ఐదు రోజులు ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్లి రావడం నేను మానలేదు. ఆ మధ్యలో మారింది ఒక్కటే, 47వ ఏట నాకు ముట్లు ఆగిపోయాయి.

మా వాకింగ్ గుంపులో ఈ గోడు నాకొక్కదానికే కాదు. "గాలి పీల్చినా ఒళ్లొస్తోందే" అని ఒకావిడ, "సాయంత్రం టిఫిన్ మానేశా, రోటీ మీదే ఉన్నా, అయినా పొట్ట కదలట్లేదు" అని ఇంకొకావిడ. చివరికి అందరూ ఒకే మాట దగ్గర ఆగుతారు: "హార్మోన్ ప్రాబ్లమ్ అంట." థైరాయిడ్, మెనోపాజ్, పీసీఓడీ, గర్భసంచి ఆపరేషన్, షుగర్ అన్నిటినీ కలిపి ఆ ఒక్క సంచిలో వేసి మూతి కట్టేస్తాం. చిక్కంతా అక్కడే ఉంది. ఆ సంచిలో ఉన్నవి వేర్వేరు సంగతులు. ఒకటి ఒంట్లో నీరు పట్టిస్తుంది, ఒకటి కొవ్వు చోటు మారుస్తుంది, ఒకటి నిద్ర పాడుచేసి ఆకలి పెంచుతుంది. ఏది ఏం చేస్తుందో విడదీసి చూస్తే తప్ప ఆ పొట్ట సంగతి తేలదు.

ముట్లు ఆగేటప్పుడు లోపల జరిగేది

వరసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 ఏళ్లకు వస్తే మన దగ్గర 46-47కే వచ్చేస్తోంది. కానీ అసలు మార్పు ఆ రోజుతో మొదలవదు. అంతకు ముందు కొన్నేళ్ల పాటు నెలసరి ముందూ వెనకా అవుతూ, ఒకసారి ఎక్కువగా, ఒకసారి నామమాత్రంగా వస్తుంటుంది. అండాశయాలు అప్పటికే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌ను పద్ధతిగా ఇవ్వడం మానేసి ఉంటాయి.

ఈస్ట్రోజన్ ఉన్నన్నాళ్లూ ఆడవాళ్ల ఒంట్లో కొవ్వు ఎక్కువగా తొడలకూ పిరుదులకూ వెళ్తుంది. కడుపుతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ పనికొచ్చే నిల్వ అది. ఈస్ట్రోజన్ తగ్గగానే ఆ దారి మారి కొవ్వు పొట్ట వైపు మళ్లుతుంది. పొట్టలో కూడా రెండు రకాలు. చర్మం కింద ఉండేది చేత్తో పట్టుకుంటే దొరుకుతుంది. లోపల పేగుల చుట్టూ, కాలేయం దగ్గర చేరేది చేతికి దొరకదు. గట్టి పొట్ట అంటామే, అందులో ఉండేది ఎక్కువగా ఈ రెండో రకం. ప్రమాదం కూడా దీనితోనే. దీని నుంచి విడుదలైన కొవ్వు నేరుగా కాలేయానికి చేరుతుంది, ఒళ్లు ఇన్సులిన్ మాట వినిపించుకోకుండా చేస్తుంది. షుగర్, ఫ్యాటీ లివర్, గుండె జబ్బు అన్నీ ఆ దారిలోనే వస్తాయి.

అదే సమయంలో కండ తగ్గుతుంది. ముప్పై దాటాక ప్రతి పదేళ్లకూ మూడు నుంచి ఎనిమిది శాతం దాకా కండ పోతుందని అంచనా. ఈస్ట్రోజన్ కండకు కూడా అండే కాబట్టి ఈ దశలో ఆ నష్టం ఇంకాస్త బయటపడుతుంది. నా చేతి కొలతలో పోయిన అర అంగుళం అదే అయ్యుండాలి.

అమెరికాలో 1990ల్లో మొదలుపెట్టి, నడివయసు ఆడవాళ్లను ఏళ్ల తరబడి వెంబడించి చూసిన పెద్ద పరిశోధన ఒకటుంది. పేరు స్వాన్. అందులోంచి 2019లో వచ్చిన ఒక ఫలితం చదివాక మా టైలర్ పుస్తకం నాకు అర్థమైంది. మెనోపాజ్ దశ మొదలవగానే కొవ్వు చేరే వేగం దాదాపు రెట్టింపైంది, కండ తగ్గడం మొదలైంది. చివరి నెలసరి తర్వాత రెండేళ్ల దాకా అలాగే సాగి, ఆపైన నిలకడకు వచ్చింది. మరి బరువు? అది అంతకు ముందు ఏ వేగంతో పెరుగుతోందో అదే వేగంతో పెరిగింది. మెనోపాజ్ వచ్చిందని మిషన్ మీద ముల్లు ఉలిక్కిపడలేదు. కొవ్వు వస్తుంటే కండ పోతోంది, ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి.

ఆ లెక్కల్లో మన దక్షిణాసియా ఆడవాళ్లు లేరని కూడా చెప్పాలి. మన పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఉంటుందని ఆశపడటానికి పెద్ద కారణం కనపడదు. పుణె కేఈఎం ఆస్పత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన బ్రిటిష్ స్నేహితుడు జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటో వేసి ఒక చిన్న రచన అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఎవరూ తేడా కనిపెట్టలేరు. సన్నగా కనపడుతూ లోపల కొవ్వు దాచుకునే ఒళ్లు మనది. అందుకే మనకు బీఎంఐ 23 దాటితేనే ఎక్కువ బరువు కింద లెక్క, 25 దాటితే ఊబకాయం. నడుము ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు. 80 సెంటీమీటర్లంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. డాక్టర్లు కొలిచేది కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, టైలర్ కొలిచేది ఇంకాస్త కింద కాబట్టి రెండూ అచ్చంగా ఒకటి కావు. అయినా నేను బాగానే ఉన్నాననుకున్న 2019లోనే ఆ గీత దాటేసి ఉంటాననిపిస్తోంది.

"మెటబాలిజం పడిపోయింది" అనే మాట

నలభై దాటాక లావైతే అందరూ చెప్పే కారణం ఇదే. నేనూ చాలా ఏళ్లు నమ్మాను. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దాన్ని కొంచెం కదిలించింది. హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్తతో పాటు ఎందరో కలిసి 29 దేశాల్లో ఆరు వేల పైచిలుకు మంది రోజుకు ఎంత శక్తి ఖర్చు పెడుతున్నారో పోగుచేసి చూశారు. ఒంట్లో కొవ్వు తీసేసి మిగతా బరువుతో పోల్చి చూస్తే, 20 నుంచి 60 ఏళ్ల దాకా ఆ ఖర్చు దాదాపు ఒకేలా ఉంది. అరవై తర్వాతే తగ్గడం మొదలైంది, అదీ ఏడాదికి 0.7 శాతం. మెనోపాజ్ వయసులో ఏదో స్విచ్ ఆపేసినట్టు పడిపోవడం అక్కడ కనపడలేదు.

అంటే మిగిలిన కండ తన పని తాను చేస్తూనే ఉంది. కండే తక్కువైంది. పొయ్యి మంట తగ్గలేదు, పొయ్యిలు తగ్గాయి. నాకు ఈ తేడా ముఖ్యమనిపిస్తుంది. వయసుతో మెటబాలిజం పడిపోయింది అనుకుంటే చేసేదేం ఉండదు. కండ పోయింది అనుకుంటే దాన్ని తిరిగి తెచ్చుకునే దారి ఉంది.

నడివయసులో ఆడవాళ్లకు సగటున ఏడాదికి 0.7 కిలో దాకా బరువు పెరుగుతుందని ఒక అంచనా. కిలో కొవ్వుకు సుమారు 7,700 కిలోక్యాలరీలు. లెక్క వేస్తే రోజుకు 15 మిగిలితే చాలు, ఏడాదికి ఆ బరువు వచ్చేస్తుంది. 15 అంటే ఒక చిన్న చెంచా చక్కెర కూడా కాదు. ఒళ్లు ఇంత సూటిగా లెక్కలు వేయదనుకోండి, అయినా విషయం అర్థమవుతుంది. ఇంత చిన్న తేడాను వంటింట్లో చేత్తో కొలిచి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. "నేను అంతే తింటున్నా, అంతే నడుస్తున్నా" అని మా గుంపులో వాళ్లు అంటే అది అబద్ధం కాదు. అంతే తినడం, అంతే నడవడం ఇప్పుడు సరిపోవట్లేదు, అంతే.

నడక చేసే పని, చేయని పని

అరవై కిలోల మనిషి ఓ మోస్తరు వేగంతో గంట నడిస్తే సుమారు 200 కిలోక్యాలరీలు ఖర్చు. ఆ గంట కుర్చీలో కూర్చున్నా ఓ అరవై ఖర్చయ్యేవే కాబట్టి, నడక వల్ల అదనంగా పోయింది 140. నడిచొచ్చి ఇరానీ హోటల్ దగ్గర ఆగి చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకుంటే ఆ 140 అక్కడే తీరిపోతుంది, పైన కాస్త అప్పు కూడా పడుతుంది. (మా గుంపులో సగం మంది నడకకు వచ్చేది ఆ చాయ్ కోసమే. దాన్ని మాన్పించే ధైర్యం నాకు లేదు.)

దీనికి తోడు ఒళ్లు ఇంకో సర్దుబాటు చేస్తుంది. వ్యాయామంలో పోయిన శక్తిలో కొంత భాగాన్ని మిగతా రోజంతా వేరే పనుల్లో పొదుపు చేసి వెనక్కి లాక్కుంటుంది. 2021లోనే వచ్చిన మరో విశ్లేషణ ప్రకారం ఈ పొదుపు సగటున 28 శాతం. పొద్దున గంట నడిచాం కదా అని మధ్యాహ్నం కాసేపు ఎక్కువ పడుకోవడం, పై అంతస్తుకు లిఫ్ట్ ఎక్కడం లాంటివి మనకు తెలియకుండా జరిగేవి. తెలిసినా ఆపలేనివి లోపల ఇంకా ఉన్నాయి. అండాశయాలు తీసేసిన ఎలుకలు మునుపటి కన్నా తక్కువ కదులుతాయని ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు చూశారు. ఈస్ట్రోజన్ తగ్గితే బద్ధకం రావడం వాటి స్వభావ లోపం కాదు కదా.

అలాగని నడక దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బరువు దించడం దాని బలం కాదు. బీపీ, షుగర్, గుండె, నిద్ర, మనసు వీటి మీద దాని పని వేరు. బరువు ఒక్క కిలో తగ్గకపోయినా క్రమం తప్పని వ్యాయామం పేగుల చుట్టూ ఉన్న కొవ్వును తగ్గిస్తుందని చాలా పరిశోధనల్లో తేలింది. నేను నడవకపోయి ఉంటే ఆ 36 ఎంత అయ్యుండేదో టైలర్ పుస్తకంలో ఉండదు.

నిద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాత్రి రెండింటికి ఒళ్లంతా ఆవిరి కమ్మి, జాకెట్టు తడిసిపోయి లేచి కూర్చోవడం ఈ వయసులో ఎంతమందికి అనుభవమో. హైదరాబాద్‌లో ఏప్రిల్ నెలయితే ఏది ఊరి వేడో ఏది ఒంటి వేడో కూడా తెలియదు. ఇరవై ఏళ్ల క్రితం షికాగోలో పన్నెండు మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. పైగా వాళ్లకు మనసు తీపి, ఉప్పు పదార్థాల మీదకే పోయింది. రెండు రాత్రులకే కుర్రవాళ్ల పని అలా అయితే, రెండు మూడేళ్లు సగం నిద్రతో గడిపిన ఆడమనిషి సాయంత్రం నాలుగింటికి మిక్చర్ డబ్బా తీయడంలో వింతేముంది?

థైరాయిడ్ మీద వేసే నింద

మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకునే వాళ్లను లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు చాలవు. ఇది మా ఒక్క బిల్డింగ్ సంగతి కాదు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తేలింది. అందులో ఆడవాళ్లే ఎక్కువ.

కాబట్టి బరువు పెరిగితే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చేత పని చేయించే హార్మోన్) పరీక్ష చేయించుకోవడం సబబే. కాకపోతే థైరాయిడ్ వల్ల వచ్చే బరువు మనం అనుకున్నంత ఉండదు. మామూలుగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులో ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరూ. అందుకే ముఖం ఉబ్బినట్టుంటుంది. మందు మొదలుపెట్టి టీఎస్‌హెచ్ సరైన గీతలోకి వచ్చాక ఆ నీరు పోతుంది. రిపోర్టు నార్మల్ వచ్చాక కూడా పదిహేను కిలోలు అలాగే ఉన్నాయంటే ఆ నింద ఇక థైరాయిడ్ మీద వేయకూడదు. బరువు తగ్గాలని డోసు పెంచమని డాక్టర్‌ను బతిమాలే వాళ్లనూ చూశాను. అది గుండె దడకూ ఎముకల అరుగుదలకూ దారి తీసే పని.

ఇంకో మాట. ఆ మాత్ర చాలామంది వేసుకునే తీరే తప్పు. పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఏమీ తీసుకోకూడదు. మా పక్క ఫ్లాట్ ఆవిడ పదేళ్లుగా మాత్రనూ కాఫీనీ ఒకే ట్రేలో పెట్టుకుని, మాత్ర మింగగానే ఫిల్టర్ కాఫీ తాగేవారు. కాఫీ ఆ మందును సరిగ్గా ఒంటబట్టనివ్వదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలైతే ఇంకా గట్టిగా అడ్డుపడతాయి, వాటికి నాలుగు గంటల ఎడం కావాలి. మెనోపాజ్ వయసులో ఎముకల కోసమని క్యాల్షియం రాయని డాక్టర్ ఉండరు కాబట్టి, ఈ రెండూ ఒకే డబ్బాలో పక్కపక్కనే ఉంటాయి. ఆవిడ మాత్రను తెల్లవారుజామున లేచినప్పుడు వేసుకోవడం మొదలుపెట్టాక డోసు తగ్గించాల్సి వచ్చింది.

పరీక్షకు వెళ్లేముందు జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రల గురించి కూడా డాక్టర్‌కు చెప్పండి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అవి థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేస్తాయి.

మందుల వల్ల వచ్చే బరువు గురించి మనవాళ్లు ఎందుకో అడగరు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, బీపీకి వాడే బీటా బ్లాకర్లు, డిప్రెషన్‌కూ మూర్ఛకూ వాడే కొన్ని మందులు బరువు పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకూడదు, మార్చే వీలుందేమో డాక్టర్‌ను అడగాలి. మోకాళ్ల నొప్పులకు లేబుల్ లేకుండా ఇచ్చే పొడులు మాత్రం వెంటనే అనుమానించాల్సినవి. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండటం డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. నొప్పి అద్భుతంగా తగ్గి ముఖం గుండ్రంగా అవుతోందంటే, పొట్ట మీద ఊదారంగు చారలు వస్తున్నాయంటే, కూర్చుని లేవడానికి తొడల్లో బలం చాలట్లేదంటే అది మామూలు ఒళ్లు రావడం కాదు. వారాల్లోనే బరువు పెరిగి కాళ్లు వాచి ఆయాసం వస్తున్నా అంతే, డైట్ గురించి ఆలోచించే సమయం కాదది.

ఇక చేయగలిగింది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల నడక లాంటి వ్యాయామం గురించి అందరికీ తెలుసు. దాని పక్కనే, వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని కూడా ఉంది. ఆ రెండో వాక్యం మన వాకింగ్ ట్రాకుల దాకా రాలేదు. కేబీఆర్ పార్కులోనూ, ఇందిరా పార్కులోనూ, మా క్యాంపస్‌లోనూ పొద్దున ఎంతమంది ఆడవాళ్లు నడుస్తారో చూడండి. వాళ్లలో బరువులెత్తే వాళ్లు ఎంతమంది?

నేను జిమ్‌కు వెళ్లలేదు, సిగ్గు. భోజనాల బల్ల కుర్చీతో మొదలుపెట్టాను. చేతులు ఛాతీ మీద కట్టుకుని, వేటినీ పట్టుకోకుండా పదిసార్లు కూర్చుని లేవడం. రోజుకు రెండు గంటల పాటు నడవగల నాకు ఎనిమిదో సారికి తొడలు వణికాయి. ఐదేళ్ల నడక నా తొడలకు ఇచ్చిన బలం అంతేనా అనిపించింది. తర్వాత గోడకు పుషప్‌లు, ఆపైన రెండు డంబెల్స్. కండ పెరగాలంటే బరువు మెల్లగా పెంచుతూ పోవాలి. ఏళ్ల తరబడి ఒకే రెండు కిలోలు ఊపితే అదీ నడకలాగే అలవాటైపోతుంది. మొదటి వారాల్లో మిషన్ మీద కిలో పెరిగితే భయపడొద్దు, కొత్తగా పని చేసిన కండరాలు నీరు పట్టి ఉంచుతాయి. మోకాళ్లు, బీపీ, ఎముకల సమస్య ఉన్నవాళ్లు ముందు ఫిజియోథెరపిస్ట్‌ను అడిగి మొదలుపెట్టాలి.

కండకు ముడిసరుకు ప్రొటీన్. మా క్యాంపస్ నడక దారికి పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ. అక్కడి వాళ్లు 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం మనకు అందే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మనం 50 నుంచి 70 శాతం దాకా వాటి నుంచే తెచ్చుకుంటున్నాం. ఆ గేటు ముందు నుంచి రోజూ నడిచి వెళ్లి ఇంట్లో మూడు పూటలా బియ్యమే తింటున్నాం: పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నమో దోశో. రోటీకి మారితే ధాన్యం మారింది, వాటా మారలేదు.

పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని ఆ సంస్థ లెక్క. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. పల్చటి పప్పు ఒక గరిటెలో ఐదారు గ్రాములుంటే గొప్ప, గుడ్డులో ఆరు. మన ఇళ్లలో పప్పు మొదట మగవాళ్ల పళ్లెంలోకి, తర్వాత పిల్లల పళ్లెంలోకి వెళ్లి, చివర్లో గిన్నె అడుగున మిగిలిన చారెడు పప్పునీళ్లు ఇల్లాలికి దక్కుతాయి. ఈస్ట్రోజన్ కన్నా ముందు నుంచే మొదలైన లోటు ఇది. పళ్లెంలో కూర, పప్పు, గుడ్డు లేదా చేప ముందు పెట్టుకుని, అన్నం చివర్లో వడ్డించుకోవడం నేను చేసిన మార్పు. పెసరట్టులో ఉప్మా పెట్టుకోవడం మానేశాను, అది మాత్రం కష్టంగానే ఉంది.

హార్మోన్లు బయటి నుంచి తీసుకుంటే బరువు తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. ఆ చికిత్స బరువు కోసం ఇచ్చేది కాదు. తట్టుకోలేని వేడి ఆవిర్లకూ, ఎముకల రక్షణకూ దాని ఉపయోగం బాగా తెలిసిందే. పొట్టలో కొవ్వు చేరడాన్ని కొంత నెమ్మదింపజేయవచ్చు, దాని వల్ల బరువు మాత్రం పెరగదు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే సమస్యలు ఉన్నవాళ్లకు మామూలుగా ఇవ్వరు. ఇక 2025లో మన దేశానికి వచ్చిన మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు నిజంగానే బరువు తగ్గిస్తాయి, తగ్గిన బరువులో కండ కూడా ఉంటుంది. కండే తక్కువైన వయసులో బరువులెత్తకుండా, ప్రొటీన్ చూసుకోకుండా, డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వాటిని వాడటం నాకు భయం వేసే సంగతి.

వదిన ఫైలు

ఇదంతా నేను మా వదినకు చెబుతుంటే ఆవిడ మధ్యలో ఆపి, "నాకు గర్భసంచే లేదు కదా, ఈ మెనోపాజ్ గొడవ నాకెందుకుంటుంది?" అన్నారు. ఆవిడకు 52.

ఈ ప్రశ్న తెలుగు నేల మీద చాలామందిది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశమంతటా 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అవుతోందనో, నొప్పి అనో, పిల్లలు పుట్టేశారు కదా ఇక దానితో పనేంటనో చేయించిన ఆపరేషన్లు వాటిలో ఎన్నో.

గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. సంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే నెలసరి ఆగుతుంది గానీ ఈస్ట్రోజన్ వస్తూనే ఉంటుంది, అదీ సగటున కాస్త ముందే ఆగిపోతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజే మెనోపాజ్. సహజంగా ఏళ్ల తరబడి జరగాల్సిన మార్పు ఒక్క రోజులో జరిగిపోతుంది. 45 లోపు అలా జరిగితే, వేరే అడ్డంకి లేనివాళ్లకు సహజంగా ముట్లు ఆగే వయసు దాకా హార్మోన్ చికిత్స ఇవ్వాలనేది డాక్టర్ల మార్గదర్శకాల్లో ఉన్న మాట. ఎముకలూ గుండే దెబ్బతినకుండా అన్నమాట.

"అండాశయాలు ఉంచారా, తీసేశారా వదినా?" అని అడిగాను.

"నాకెవరు చెప్పారమ్మా. ఆపరేషన్ అయిందన్నారు, ఆరు నెలలు బరువెత్తొద్దన్నారు, అంతే."

బీరువాలో ప్లాటు కాగితాల కింద, పిల్లల పదో తరగతి మార్కుల లిస్టుల మధ్య ఆ డిశ్చార్జి కాగితం దొరికింది. మడతల దగ్గర చిరిగి, సిరా వెలిసిపోయింది. 2011. వయసు 38. దాని మీద ఇంగ్లిష్ పొట్టి అక్షరాల్లో 'టీఏహెచ్ విత్ బీఎస్ఓ' అని ఉంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారని దానర్థం. కింద రాసిన మందుల్లో నొప్పి మాత్ర, యాంటీబయోటిక్, ఐరన్.

ఎముకల సాంద్రత పరీక్షకు వచ్చే వారం వెళ్దామని అనుకున్నాం. వదిన ఆ కాగితాన్ని మళ్లీ అవే మడతల మీద మడిచి, బీరువాలో పెట్టకుండా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నారు. పెట్టుకుంటూ అన్నారు: "ఆపరేషన్ అయిన ఏడాది నుంచీ మీ అన్నయ్య నన్ను అంటూనే ఉన్నాడు, పనిమనిషి వచ్చాక కూర్చుని తిని లావయ్యావని."